సగంలో ఆగిన తానం

హన్మకొండ సుబేదారిలో, ఆఫీసుల వెనక సందు చివర ఒక పాడుబడ్డ ఇల్లుండేది. పగలు అందులో మేకలు తిరిగేవి. పిల్లలు గోడ దూకి సీతాఫలాలు కోసుకునేవాళ్లు. చీకటి పడ్డదంటే మాత్రం... ఆ గోడ పక్కన నడిచే మనిషి లేడు.

భయం ఇంటి గురించి కాదు. పెరట్లో స్నానాలకు కట్టుకున్న జాలారు గురించి. ఒక చేదబావి, పక్కన నల్లబండ, చుట్టూ మోకాలెత్తు గోడ — అంతే. వెనకట ఆ ఇంటి ఇల్లాలు ఆ బండ మీద కూర్చుని నీళ్లు పోసుకుంటూ, చెంబు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయిందట. తానం సగంలో ఆగింది. మిగిలిన సగం కోసం ఎప్పటికైనా వస్తుందని వాడకట్టంతా చెప్పుకునేవాళ్లు.

ఏళ్ల తరబడి అది ఉత్త మాటే. ఎనభై నాలుగులో... చప్పుడు మొదలైంది.

ముందు గిలక కిర్రుమంటుంది. తర్వాత ఒక చెంబుడు నీళ్లు బండ మీద పడతాయి. కాసేపు ఏమీ ఉండదు... మళ్లీ ఒక చెంబుడు.

కాజీపేట రైలు సవారీ కోసం ఇంకా తెల్లారకముందే, మబ్బుల పోతున్న రిక్షా యాకయ్య ఆగి, గోడ మీద నుంచి చూశాడట. తెల్లచీర, విరబోసిన జుట్టు, ముందుకు వంగిన నడుము. రిక్షా అక్కడే వదిలేసి పరుగెత్తాడు. పొద్దెక్కాక కూడా దాన్ని తెచ్చుకోవడానికి పోలేదు.

ఇదంతా నాకు చెప్పింది సారంగపాణి. ఆ జాలారుకూ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ.

ఆయన హన్మకొండలో బట్టల వ్యాపారి. నేను అప్పుడే చౌరస్తా దగ్గర శానిటరీ సామాన్ల దుకాణం తెరిచాను. గది పొడుగూ వెడల్పూ చెబితే చాలు, ఎన్ని పలకలు పడతాయో నోటిలెక్కన చెప్పేసేవాణ్ని. ఇంట్లో పాత జాలారు తవ్వించి కొత్త బాత్రూం కడుతున్నానని, స్నానపు తొట్టి కావాలని వచ్చాడాయన. అప్పటికి ఆ వాడలో ఎవరింట్లోనూ తొట్టి లేదు.

"రెండు రకాలున్నయన్నా," అన్నాను. "ఒకటి పొట్టిది. ఎక్కుడు దిగుడు అల్కగుంటది, పక్కన బకెట్టు పెట్టుకొని కూసునే జాగ కూడ మిగుల్తది. రెండోది పోత ఇనుముది, నాలుగు కాళ్ల మీద నిలవడ్తది. రెండడుగుల ఎత్తు. మీ గదికి గోడ నుంచి గోడకు సరిపోతది."

"చూసినోడు దేన్ని చూసి నోరు తెరుస్తడు?"

"నాలుగు కాళ్లదాన్నే."

"మరింకేంది? గదే తెప్పియ్యి."

"ఇంట్లోళ్లను కూడ ఒకపారి అడుగుండ్రి..."

"ఇంట్లోళ్లందరు నన్నడుగుతరు తమ్మీ. నేనెవలనడగాలె?" అని గట్టిగా నవ్వాడు.

తొట్టిని ఆరుగురు మోశారు. బిగించిన రోజు వాడంతా వచ్చింది. వచ్చినవాళ్లందరికీ ఆయన వదిన మొగిలమ్మ చాయ్ పోసింది. సారంగపాణి చిన్నప్పుడే తల్లి పోతే, ఎత్తుకుని పెంచింది ఆమే. అన్న పోయాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకో పట్టింపు ఉండేది. తెల్లారకముందే తానం చేసి, దేవుడి దగ్గర దీపం ముట్టించాలి. దీపం ముట్టించందే బుక్కెడన్నం కూడా ముట్టదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే పక్కింట్లో గిలక చప్పుడు మొదలైంది. అదే రోజుల్లో... మొగిలమ్మ చిక్కిపోసాగింది.

"ఆకలి లేదు పాణీ," అనేది. కొన్ని రోజులు తినేది, కొన్ని రోజులు పొద్దంతా గోడకు తిరిగి పడుకునేది. దగ్గు పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతే మందులు రాశారు. మందులూ ఒంటికి పట్టలేదు. చేతి గాజులు మోచేతి దాకా జారసాగాయి.

ఒకరోజు సారంగపాణి భార్య భారతి ఆయన్ను పక్కకు పిలిచింది. గుసగుసగా అంది —

"పొద్దుగాల అక్క కొంగు తడిగ ఉంటాంది. రాత్రంత మంచంల పండుకున్న మనిషి కొంగు... ఎట్ల తడుస్తది?"



దయ్యాలను దించే ఎల్లస్వామిని పిలిపించారు. అతను మొగిలమ్మ కళ్లలోకి చూసి, కొంగు ముట్టుకుని, తల ఊపాడు.

"జాలారుది పట్టింది. రాత్రి వచ్చి ఈమె మీద ఒరుగుతాంది, దాని తడి ఈమెకంటుతాంది. అమాస నాడు మబ్బుల ఆ బండ కాడికి ఒక్కనివే పో. పసుపునీళ్లు చల్లి, 'నీ తానం అయిపోయింది, ఇగ పో' అను. పోకపోతే... మనిషి నీకు దక్కదు."

మొగిలమ్మ కొంగు వెనక్కి తీసుకుంది. కళ్లు దించుకుని కూర్చుంది.

అమావాస్య వచ్చింది.

ఆ మబ్బుల సారంగపాణి ఇంట్లో ఎవర్నీ లేపలేదు. ఒక చేతిలో పసుపునీళ్ల గిన్నె, ఇంకో చేతిలో వెలిగించని టార్చిలైటు. రెండు ఇళ్ల మధ్య గోడకు వెనకవైపు ఒక గండి ఉంది. దాంట్లోంచి దూరాడు. ముళ్లకంప కాలికి గీరుకున్నా అరవలేదు.

కిర్రు...

బావి మీద గిలక.

ఆయన అక్కడే నిలబడిపోయాడు. గిన్నెలో నీళ్లు తొణికి చెయ్యి తడిసింది. వెనక్కి పోదామనుకున్నాడు. చెయ్యెత్తితే మోచేతి దాకా జారే గాజులు కళ్లముందు కదిలాయి... ముందుకే నడిచాడు.

బండ మీద తెల్లగా ఏదో కూర్చుని ఉంది. ఒక చెంబుడు నీళ్లు. ఊపిరి తీసుకోవడానికన్నట్టు కాసేపు ఆగింది. మళ్లీ ఒక చెంబుడు.

ఆయన పసుపునీళ్లు విసిరాడు. సగం ఆయన కాళ్ల మీదే పడ్డాయి.   అయినా అన్నాడు —

"నీ తానం... అయిపోయింది... ఇగ పో..."

తెల్లటిది కదలడం మానేసింది. తల తిప్పలేదు. చాలాసేపటికి, సన్నగా, అలసిపోయిన గొంతు వినిపించింది.

"ఇంకో రెండు చెంబులున్నయ్ పాణీ... పోసుకొని పోత."

గిన్నె జారి రాళ్ల మీద మోగింది. టార్చి మీటను ఆయన వేలు నొక్కబోయింది.

"లైటెయ్యకు బిడ్డా. తడిబట్టలున్నయ్."

ఆ గొంతును చిన్నప్పటి నుంచీ విన్నాడాయన. చప్పున వెనక్కి తిరిగి నిలబడ్డాడు. 

"వదినా... ఇంట్ల గంత పెద్ద తొట్టి ఉండంగ..."

"కాలు లేవదు బిడ్డా. మొదటి దినమే దాంట్ల పడ్డ. గోడ పట్టుకొని ఎట్లనో లేచిన. కింద కూసోని పోసుకుందామంటే జాగ లేకపాయె. మన జాలారేమో తవ్విస్తివి." దగ్గు వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గిన చప్పుడు. "ఇక్కడనైతే ఎవలు రారు గద. మబ్బుల ఎవలన్న మసిలితే మాత్రం ఆ దినం తానం లేదు, దీపం లేదు..."

ఆకలి లేదని ఆమె గోడకు తిరిగి పడుకున్న రోజులన్నీ ఆయనకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"చెప్పొద్దా వదినా? నాతోనన్న చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? వచ్చినోళ్లనల్ల చెయ్యి పట్టుకొని తీస్కపోయి తొట్టి చూపెడ్తివి. నువ్వు గంత సంబురపడంగ చూసి ఎన్నేండ్లాయె."

 వెనక మిగిలిన రెండు చెంబులూ పడ్డాయి. చీర పిండుకున్న చప్పుడు. తడి పాదాలు మెల్లగా వచ్చి పక్కన ఆగాయి. పట్టుకోవడానికి ఆయన చెయ్యి చాచాడు. ఆ చల్లటి వేళ్లు దాన్ని పట్టుకున్నాయి.

గండి దగ్గరికి వచ్చాక ఆమె ఆగింది. బతిమాలుతున్నట్టు, చెవి దగ్గర మెల్లగా అంది —

"దయ్యం పోయిందని మాత్రం ఎవలకు చెప్పకు పాణీ. భయం పోతే ఇక్కడ జనం తిరుగుతరు. మరి నేనేడ తానం చెయ్యాలె?"