మూత పెట్టి తీసిన ఫోటో

కెమెరా అమ్మడానికి వచ్చినవాడు చాయ్ చెప్పకముందే సుమంగళ సంచిలోంచి టార్చి తీసింది.

శనివారం మధ్యాహ్నం, తీన్ కందిల్ చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్. కిటికీ పక్క బల్లకు ఒకవైపు సుమంగళ, ఆమెకు తోడుగా వచ్చిన చిన్నమ్మ ఆనందమ్మ. ఎదురుగా యల్లేశ్. యరమరస్ కరెంటు ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ముగ్గురి మధ్య ఆ నల్లటి ఫుల్ ఫ్రేమ్ కెమెరా, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలా ఎవరి వైపూ చూడకుండా ఉంది.

"టార్చి ఎందుకు మేడమ్? ఎండ బాగనే ఉన్నది గద."

"లెన్సుల ఫంగస్ ఎండకు కనపడదు. పక్క నుంచి లైటు కొట్టాలె. ఉంటే బూజు లెక్క కనపడుతది."

"మీరు డాక్టరా?"

"ల్యాబ్ టెక్నీషియన్ను. రోజూ రక్తంల పురుగులు వెతుకుత."

యల్లేశ్ తన కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకున్నాడు.

సుమంగళ పుట్టుకతోనే ఇంత అనుమానపు మనిషి కాదు. రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, బస్టాండులో నిలబడి, అమ్మేవాడి ముఖం చూసి నమ్మి ఒక పాత కెమెరా కొన్నది. నెల తిరగకముందే దాని షట్టర్ బిగుసుకుపోయింది. అమ్మినవాడి ఫోను అంతకు ముందే మూగబోయింది. ఆనాటి నుంచి ఇంట్లోకి వంకాయలు తెచ్చినా సరే, "సుమంగళను అడుగుండ్రి, ముఖం చూసి చెప్తది, మంచియో కావో" అంటాడు నాన్న. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వే ఆమెకు గుచ్చుకునేది. ఈసారి కూడా తన అంచనా తప్పితే మళ్లీ కెమెరా ముట్టనని ఇంట్లో నలుగురి ముందూ తనే అన్నది.

ఫోనుతో సరిపెట్టుకోవచ్చు. కాని ఆమె తీయాలనుకున్నది రొట్టె కేంద్రాల్లో, తెల్లవారకముందే పొయ్యి వెలుగులో జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్లను. అంత తక్కువ వెలుగులో ఫోను ఉన్నది ఉన్నట్టు తీయదు, తనకు తోచింది గీస్తుంది.

లెన్సు శుభ్రంగా ఉంది. సుమంగళకు అది నచ్చలేదు. కెమెరాను తిప్పి చూసింది.

"ఇదేంది? పైన ఫ్లాష్ పెట్టే గాడిల ఎర్రగ ఉన్నది. తుప్పు. నీళ్లల పడ్డదా?"

"లేదు మేడమ్."

"స్క్రూల సందుల తెల్లగ పేరుకున్నది. కృష్ణల గిట్ల మునిగిందా?"

"ఒకసారి వాసన చూడండి."

సుమంగళ చూడలేదు. ఆనందమ్మ కెమెరా అందుకుని, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "కుంకుమే. ఇదేమో ఇబూది."

"దసరకు ఆయుధపూజ చేసినం," అన్నాడు యల్లేశ్. "మా అమ్మ నా స్క్రూడ్రైవర్లకు, బండికి, దీనికి అన్నిటికి కలిపి పెట్టింది. తుడిచిన గని గాడిలది పోలే."

"లక్షణంగ పూజ చేసే పిల్లగాడు," అంది ఆనందమ్మ, చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ.

"కెమెరాకు ఎవరన్న కుంకుమ పెడ్తరా?" అంది సుమంగళ.

"మీ ల్యాబ్‌ల పెట్టరా?"

పెడతారు. మైక్రోస్కోపుకు పోయిన దసరాకు తనే పెట్టింది, లెన్సుకు తగలకుండా. ఆ మాట పైకి చెప్పకుండా మెనూ తెరిచింది. యజమాని పేరు ఉండేచోట ఇంగ్లీషు అక్షరాల్లో చెన్నవ్వ అని ఉంది.

"ఈ చెన్నవ్వ ఎవరు?"

"మా అమ్మ."

"మీ కెమెరాల ఆమె పేరెందుకు?"

"ఎక్కడన్న పోగొట్టుకుంటే, దొరికినోడు అమ్మ పేరు చూసన్న తెచ్చిస్తడని."

సుమంగళ బిల్లు అడిగింది. బిల్లు యల్లేశ్ పేరునే ఉంది. నంబరు కెమెరా అడుగున ఉన్నదానితో సరిపోయింది. ఒక ఫోటో తీసి, ల్యాప్‌టాప్‌లో పెట్టి షట్టర్ కౌంట్ చూసింది. కెమెరా ఇంతవరకు ఎన్నిసార్లు రెప్ప వేసిందో చెప్పే లెక్క అది. ఏడు వేలు. అంటే దాదాపు కొత్తది. కాని చేతిపట్టు దగ్గర రబ్బరు నున్నగా అరిగిపోయింది, మూలల్లో రంగు లేచిపోయింది.

"ఏడు వేలకే ఇంత అరుగుతదా?"

యల్లేశ్ మొదటిసారి తల దించి గ్లాసులోకి చూశాడు. "నాకు చేతులల్ల చెమట ఎక్కువ మేడమ్."

గ్లాసు పట్టుకున్న ఆ చేతులు ఎండిన కట్టెల్లా పొడిగా ఉన్నాయి. సుమంగళ చూసింది. ఆమె చూసిందని అతనూ చూశాడు.

"ఇల్లు సొంతదేనా బాబూ?" అని అడిగింది ఆనందమ్మ. "అక్కచెల్లెండ్లు ఎందరు?"

"చిన్నమ్మా, నువ్వేం కొననీకి వచ్చినవ్?"

"ఏది కొన్నా వివరాలు అడగాలె గదనే."

యల్లేశ్ నవ్వు ఆపుకుని కెమెరా సంచిని సుమంగళ వైపు జరిపాడు. "రెండు దినాలు తీస్కపోండి. వాడి చూడండి."

"అడ్వాన్సు ఎంతియ్యాలె?"

"ఏం వద్దు."

సుమంగళకు ఇది అన్నిటికంటే పెద్ద అనుమానం అయి కూర్చుంది. "నన్నెట్ల నమ్ముతున్నరు?"

"ఇంత అనుమానం ఉన్నోళ్లు దొంగలు కారు మేడమ్," అన్నాడు అతను.

ఆదివారం తెల్లవారుజామున రొట్టె కేంద్రంలో కెమెరా ఆమె మాట విన్నది. పిండి పొగలా లేచింది. పెనం కింది మంట చేతుల అంచులకు బంగారు గీత గీసింది. ఒక్క ఫోటో కూడా ఫోనులో వచ్చినట్టు అలుక్కుపోలేదు.

పది గంటలకు యల్లేశ్ మెసేజ్: ఎట్లున్నది మేడమ్?

బదులుగా సుమంగళ ఐదు ప్రశ్నలు పంపింది. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, కార్డు గాడి ఎప్పుడైనా మార్పించారా, ఇట్లాంటివి. అన్నిటికీ వరసగా జవాబు వచ్చింది. చివరికి, వెలుగు ఎట్లా పట్టిందో చూపించడానికి మాత్రమే అనుకుంటూ, ఒక ఫోటో పంపింది.

చాలాసేపటికి జవాబు వచ్చింది. అందులో కెమెరా ఊసే లేదు. 'ఆమె ఎడమ చెయ్యి మీద కాలిన మచ్చ ఉన్నది. అది దాయకుండ తీసినరు. మంచిగ చేసినరు.'

సుమంగళ ఆ మెసేజ్ మూడుసార్లు చదివింది. ఆ మచ్చ కోసమే ఆమె గంటసేపు మోకాళ్ల మీద కూర్చుంది. ఇంట్లో ఎవరికి చూపించినా రొట్టెల గుండ్రదనమే మెచ్చుకున్నారు. ఇంత బాగా చూసేవాడు ఇంత మంచి కెమెరా ఎందుకు అమ్ముతున్నాడు? మళ్లీ అనుమానం.

సాయంత్రం ఆనందమ్మ అగ్గిలో ఆజ్యం పోసింది. "యరమరస్‌ల మా ఆడబిడ్డను అడిగిన. మంచి పిల్లగాడేనంట. గని శనివారం శనివారం బండేసుకుని ఎటో పోతడంట. ఆదివారం పొద్దుగాల ఎర్రకండ్లతోటి వస్తడంట."

సుమంగళ లేచి నిలబడింది. "పెండ్లి వీడియోలు తీస్తడు. వీడియోల షట్టర్ రెప్ప వేయదు చిన్నమ్మా, తెరుచుకునే ఉంటది. అందుకే కౌంట్ పెరగలే. కెమెరా మాత్రం గంటలు గంటలు కాలుతది."

"అయితే కష్టపడే పిల్లగాడే."

"అబద్ధం చెప్పిండు."

"చెమట సంగతేనా? అదేమంత పెద్ద అబద్ధమే."

సోమవారం సాయంత్రం ఇద్దరూ యరమరస్‌లో యల్లేశ్ ఇంటి ముందు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. చెన్నవ్వ గడపలోనే ఎదురై, ఎవరని కూడా అడక్కుండా ఆనందమ్మను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సుమంగళ అరుగు మీదే కూర్చుంది. యల్లేశ్ ప్లాంటు యూనిఫారంలోనే ఉన్నాడు.

"ఇంతవరకు ఎన్ని పెండ్లిళ్లు తీసినరు?"

"ఒక్కటి గూడ లేదు మేడమ్."

"మరి శనివారాలు ఎటు పోతరు?"

అతను ఆశ్చర్యపోలేదు. యరమరస్‌లో ఎవరి ఆడబిడ్డ ఎవరికి ఏం చెబుతుందో అతనికి తెలుసు. "బయలాటకు, మా దిక్కు వీధినాటకం. మా మేనమామ భీముని వేషం కడతడు. డెబ్బై దాటినయ్. ఆయన పాడే పాటలు రాసిపెట్టినోళ్లు లేరు. మూడేండ్లు అరకేర దిక్కు ఆయన ఆడిన ఊర్లల్ల తిరిగిన. ఆట రాత్రంత సాగుతది, ఆపకుండ తీసిన. ఇప్పుడు మొత్తం ఉన్నది నా దగ్గర, ఇంక కెమెరాతోటి పని లేదు."

"మంచి పనే గద. దాచేదేమున్నది అందుల?"

"మీకంటె ముందు ఇద్దరొచ్చిన్రు. వీడియో అనంగనే లేచి పోయిన్రు."

లోపల చెన్నవ్వ ఫోనులో ఆటను ఆనందమ్మకు వినిపిస్తున్నట్టుంది. ముసలి గొంతు ఒకటి వాన మీదుగా, వానకంటే గట్టిగా వచ్చింది. సుమంగళ కాసేపు విన్నది. ఆ గొంతును ఎవరూ అబద్ధానికి సృష్టించలేరు. ఆమెకు మనసు తేలికపడింది. సంచిలోంచి కవరు తీసి అతని ముందు పెట్టింది.

"సరే. తీసుకుంటున్న."

యల్లేశ్ కవరు ముట్టుకోలేదు. "ముందు లెన్సుకు మూత పెట్టి ఒక ఫోటో తీయండి."

"మూత పెడితే ఏమొస్తది? అంత నల్లగనే గద."

"ముప్పై సెకన్లు పెట్టి తీయండి."

షట్టర్ తెరుచుకుంది. మధ్యలో కెమెరా, చెరోపక్క ఇద్దరూ, చూరు నుంచి ధారలు. ముప్పై సెకన్లు అంత పొడుగ్గా ఉంటాయని సుమంగళ ఎప్పుడూ అనుకోలేదు. అతని వైపు చూడకూడదని వాన వైపు చూసింది. వాన వైపు చూస్తున్నట్టుగా అతనూ ఆమె వైపు చూశాడు.

షట్టర్ మూసుకుంది. చిమ్మచీకటిగా ఉండాల్సిన తెరను ఆమె పెద్దది చేసి చూసింది. ఎర్రవి, నీలివి, తెల్లవి చుక్కలు. ఎవరో ఆవాలు చల్లినట్టు.

"వేడికి సెన్సార్ ఖరాబైంది," అన్నాడు యల్లేశ్. "పగటి ఫోటోలల్ల కనపడదు. నిన్నటి ఫోటో గూడ చిన్నది గాబట్టి తెలువలే. గోడకు పెట్టేటంత పెద్దగ అచ్చేస్తే, పొయ్యి ముందు కూసున్న ఆమె ముఖం మీద పడ్తయి."

సుమంగళకు చెవులు వేడెక్కాయి. తుప్పు వెతికింది, బూజు వెతికింది, పేర్లు, నంబర్లు, పెళ్లిళ్లు వెతికింది. తను తీయబోయే ఫోటోలకు అసలు అవసరమైన పరీక్ష ఇదొక్కటే. అదే చేయలేదు. ఇతను నోరు మూసుకుని ఉంటే, నాన్న వంకాయలు ఇంకో పదేళ్లు వచ్చేవి.

"శనివారమే ఎందుకు చెప్పలే?"

"చెప్తే అప్పుడే లేచి పోతుంటిరి."

"పోతే పోదును. ఇంకెవరో కొందురు."

"కొందురు." అతను చూరు ధారలోకి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "మీరు మళ్ల రారు గద. కెమెరా ఇచ్చి పంపిస్తే, తిరిగి ఇయ్యడానికన్న వస్తరు అనుకున్న."

"ఇది గూడ మోసమే."

"మోసమే. అందుకే పైసలు ముట్టుకుంటలేను." అతను కెమెరాను తన వైపు తీసుకున్నాడు. "హైదరాబాద్‌ల సర్వీసు ఉన్నది. ఆ చుక్కలను గుర్తుపెట్టి కప్పేస్తరంట. లీవు పెట్టి తీస్కపోత. అది బాగైనంకనే మాట్లాడుదాం. కాకుంటె ఇంకోటి వెతుక్కోండి, నేను గూడ వెతుకుత."

అబద్ధాలను సుమంగళ చాలానే పట్టుకుంది. తను పట్టుకోలేని తప్పును తెచ్చి తన చేతిలో పెట్టినవాడు మాత్రం ఇంతవరకు లేడు. బస్టాండులో ఆ రోజు ముఖం చూసి నమ్మింది. ఇప్పుడు చూస్తున్నది ముఖాన్ని కాదు.

"ఇంకేమేం దాచినవ్?" అంది. "అన్నీ ఇప్పుడే చెప్పు. తర్వాత నేను వెతికి పట్టుకుంటే బాగుండదు."

మీరు పోయి నువ్వు వచ్చిందని యల్లేశ్‌కు అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు.

"ఈత రాదు. భీముని ఆటల ప్రతిసారీ ఏడుస్త. ప్లాంటుల నాది పర్మనెంట్ కాదు, కాంట్రాక్టు."

"ఇంకా?"

"మీ నంబరు కెమెరా గిరాకి అని పెట్టుకున్న. నిన్న ఆ ఫోటో చూసినంక మార్చిన."

"ఏమని?"

అతను ఫోను తీసి, తెర ఆమె వైపు తిప్పాడు. సుమంగళ తెరను చూడకుండా ఆ చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది.

"నోటితోటి చెప్పు."

"సుమంగళ," అన్నాడు అతను. "ఒట్టి సుమంగళ."

ఆమె ఆ మాటను పరీక్ష చేయలేదు. తడిసిన కవరును తీసి సంచిలో పెట్టుకుంది, లేవలేదు.

లోపలి నుంచి ఆనందమ్మ కేకేసింది. "కెమెరా ఏమాయెనే?"

"ఖరాబున్నది చిన్నమ్మా."

"అయ్యో. మరి పోదామా?"

"కూసో," అంది సుమంగళ, వానను చూస్తూ. "ఇంకో చాయ్ తాగు."