ఐదో తరగతి రాజ్యాంగం

"ఆగక్కడే! లోపలికి రాకు!"

ఐదో తరగతి గది గుమ్మానికి సూర్యావతి రెండు చేతులూ అడ్డం పెట్టింది. బయట మార్త నిలబడి రొప్పుతోంది. పరికిణీ అంచంతా తడి, ఇసుక.

"బెల్లు కొట్టేసేరు. ప్రార్థన కూడా అయిపోయింది. రూలు చూసుకో," అంది సూర్యావతి.

రూలు ఎదురుగానే ఉంది. నల్లబోర్డు పైభాగాన, ఎవరూ చెరపకూడదని చుట్టూ గీత గీసి మరీ రాశారు. పైన 'ఐదో తరగతి రాజ్యాంగం' అని పేరు. దాని కింద మొట్టమొదటి రూలు: ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొదటి పీరియడ్ అయ్యేదాకా బయటే ఉండాలి.

మార్త పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని వరండా అరుగు మీద కూర్చుంది. సూర్యావతి దర్జాగా వచ్చి మొదటి బల్ల మీద కూర్చుంది. క్లాసు లీడరంటే మాటలా మరి!

ఈ రాజ్యాంగం సంగతి దానం మాస్టారితో మొదలైంది. అది 1980 జనవరి; అప్పుడే ఎలక్షన్లు అయ్యాయి. ఊళ్ళోవాళ్ళంతా బడిలోనే ఓట్లు వేశారు. రిపబ్లిక్ డే దగ్గర పడుతోంది. ఓట్లు ఎందుకండీ అని పిల్లలు అడిగితే, మాస్టారు దేశానికి ఒక రాజ్యాంగం ఉందని చెప్పారు.

"రాజుగారు ఏదంటే అదే రూలు అనే రోజులు పోయేయర్రా. ఇప్పుడు మన రూళ్ళు మనమే రాసుకున్నాం. భూములున్నవాళ్ళకీ, కూలికెళ్ళేవాళ్ళకీ ఒకటే ఓటు, ఒకటే న్యాయం," అన్నారు. ఆ తర్వాత నవ్వి, "మీ తరగతికి కూడా ఒకటి రాసుకోండి చూద్దాం," అన్నారు.

మర్నాడు పొద్దున్న హాజరు కూడా వేయకముందే పిల్లలు రాయడానికి కూర్చున్నారు. ఆలస్యం రూలు సూర్యావతిదే. మాస్టారు సుద్దముక్క పట్టుకుని, "అందరూ వచ్చేరా?" అని అడిగారు.

"ఆయ్, వచ్చేరండీ," అంది సూర్యావతి, వెనక్కి తిరిగి చూడకుండానే.

చేతులు లేచాయి. రూలు బోర్డెక్కింది.

మార్త ఉండేది గోదావరి మధ్యనున్న లంకలో. పడవ దాటి, ఏటిగట్టెక్కి బడికి రావాలి. ఐదో తరగతిలో లంక నుంచి వచ్చేది ఆమె ఒక్కతే. ఆ రూలు పడ్డాక మొదటి పీరియడ్ అంతా ఆమెకి అరుగు మీదే గడిచింది. మొదటి పీరియడ్ లెక్కలు. తరగతంతా భిన్నాలు నేర్చుకుంటుంటే మార్త కొబ్బరిచెట్ల మీద కాకుల్ని చూస్తూ కూర్చునేది.

ఒకసారి మాస్టారు, "ఏమ్మా లీడరూ, ఆ రూలు బాగానే ఉందంటావా?" అని అడిగారు.

"అందరూ ఒప్పుకున్నదేనండీ," అంది సూర్యావతి. మాస్టారు ఒకసారి అరుగు వైపు చూసి, మళ్ళీ లెక్క అందుకున్నారు.

శుక్రవారం మార్త రాలేదు. శనివారమూ రాలేదు.

"ఇంక మన క్లాసులో ఆలస్యంగా వచ్చేవాళ్ళే లేరు!" అన్నాడు ఆదినారాయణ సంబరంగా. సూర్యావతికి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో మార్త కూర్చునే వెనక బల్ల వైపు చూడబుద్ధి కాలేదు.

ఆదివారం నాన్న కృష్ణమూర్తిగారితో కలిసి సూర్యావతి లంకకి వెళ్ళింది. వాళ్ళకి అక్కడ వంగతోట ఉంది. ఎప్పుడూ సాయంత్రానికే తిరిగొచ్చేవాళ్ళు. ఈసారి కాయ ఎక్కువగా ఉండడంతో తోటలో పాకలోనే ఉండిపోయారు. "పొద్దున్నే పడవెక్కి అట్నుంచటే బడికి వెళ్ళిపోమ్మా," అన్నారు నాన్న.

తెల్లవారుతూనే సూర్యావతి రేవుకి పరుగెత్తింది. ఏటి మీద మంచు దట్టంగా ఉంది. పడవ ఒడ్డునే ఉంది. పడవ నడిపే ఏడుకొండలు గడకర్ర పక్కన పెట్టి తీరిగ్గా చుట్ట కాల్చుకుంటున్నాడు.

"బాబాయ్, తొందరగా పద! బడికి టైమైపోతోంది!"

"ఎక్కి కూర్చోండమ్మాయిగారూ. పాల కేన్లు రావాలి కదండీ."

"అవెప్పుడొస్తాయి?"

"గేదెలు ఎప్పుడు చేపి పాలిస్తే అప్పుడండీ. అమ్ముకునే పాలొదిలేసి వెళ్ళిపోతే లంకలో ఇన్ని ఇళ్ళు ఏం తింటాయండీ?"

సూర్యావతి పడవ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. పడవ మాత్రం కదల్లేదు. గేదెలకి రూళ్ళేం తెలుసు!

అంతలో మార్త కనిపించింది. ముందు వాళ్ళమ్మ జ్ఞానమ్మ పాల కేను నెత్తిన పెట్టుకుని వస్తోంది. వెనక మార్త చేతిలో చెంబు ఉంది. పుస్తకాల సంచి లేదు.

"బడికి రావట్లేదేంటే?" అని అడిగింది సూర్యావతి.

"నాన్న మానేయమన్నాడు. అరుగు మీద కూర్చోడానికి ఏరు దాటడం దేనికి, గేదెల్ని చూసుకో అన్నాడు."

"కొంచెం ముందు బయల్దేరొచ్చు కదా?"

మార్త పడవ వైపు చెయ్యి చూపించింది. "రోజూ చీకట్లోనే వచ్చి ఇక్కడుంటాను. అది కదలద్దా?" మెల్లిగా అంది, "మీరు రూలు రాసిన రోజు కూడా నేనిక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు."

సూర్యావతికి 'ఆయ్, వచ్చేరండీ' అన్న తన గొంతు తనకే వినిపించినట్టయింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"సంచి తెచ్చుకో మార్తా. ఇవాళ నేనూ నీతోపాటే బయట కూర్చుంటాను," అంది.

మార్త వాళ్ళమ్మ వంక చూసింది. జ్ఞానమ్మ కేను దించి, "వెళ్ళు. ఈ ఒక్కరోజూ చూద్దాం. మళ్ళీ అరుగేనంటే మాత్రం నాన్న మాటే నా మాట," అంది.

ఇద్దరూ బడికి చేరేసరికి మొదటి పీరియడ్ మొదలైపోయింది. ఆదినారాయణ పరుగున వచ్చి గుమ్మానికి చేతులు అడ్డం పెట్టాడు. "లీడరైనా సరే, రూలు రూలే!"

క్లాసంతా ఘొల్లున నవ్వింది. సూర్యావతి అరుగు మీద మార్త పక్కన కూర్చుంది. లోపల మాస్టారు లెక్క చెబుతున్నారు. మాట వినిపిస్తోంది గానీ బోర్డు కనిపించదు. ఏ అంకె కింద ఏ అంకె వెయ్యాలో తెలియదు.

"రోజూ ఇంతేనా?" అంది గుసగుసగా.

"ఇంతే," అంది మార్త.

సూర్యావతికి ఏడుపొచ్చేసింది. లేచి గుమ్మం దగ్గర నిలబడింది.

"మాస్టారండీ! ఆ రూలు తప్పండి. మార్త రాకుండానే అందరూ వచ్చేరని చెప్పేసేనండి. కానీ రాజ్యాంగంలో రాసేశాం కదండీ, ఇంకేం చెయ్యలేం కదండీ?"

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "చెయ్యలేమని ఎవరన్నారమ్మా? దేశం రాజ్యాంగాన్నే ఇప్పటికి నలభైసార్లకి పైగా సవరించుకున్నాం. ఎలా మార్చుకోవాలో కూడా అందులోనే ముందుగా రాసిపెట్టేరు."

"నిజమాండీ?"

"నిజమే. మనుషులన్నాక ఏదో ఒకటి మర్చిపోతారని రాసినవాళ్ళకి తెలుసు. ఆ రోజు నేనూ బోర్డు వైపే తిరిగి ఉండిపోయేను. వెనక బల్ల చూడాల్సింది. ఇద్దరూ లోపలికి రండి."

గుండెల మీద నుంచి వడ్లబస్తా దించినట్టయింది సూర్యావతికి. "హమ్మయ్య!" అని పైకే అనేసింది. క్లాసు మళ్ళీ నవ్వింది. ఈసారి తను కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

"మార్తా, రూలు ఎలా ఉంటే బాగుంటుందో నువ్వు చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

సూర్యావతి పక్కన కూర్చున్న మార్త నెమ్మదిగా లేచింది. "ఎందుకు ఆలస్యమైందో చెప్పి లోపలికి రావాలండి. పోయిన లెక్క పక్కవాళ్ళు చెప్పాలండి."

"మరి కావాలని ఆలస్యంగా వస్తేనో?" అన్నాడు ఆదినారాయణ.

"గది ఊడవాలి," అంది మార్త ఠక్కున. అది అందరికీ తెగ నచ్చింది.

సూర్యావతి ఆమె చెవిలో, "రేపు కూడా వస్తావుగా?" అంది.

"వస్తాను. ఆలస్యంగా వస్తాను," అని మార్త ఫక్కున నవ్వింది.

ఆదినారాయణ ఆగలేక, "చేతులెత్తండి! చేతులెత్తండి!" అని కేకేశాడు. చేతులు లేచాయి. మాస్టారు సూర్యావతి వంక చూసి, "అందరూ వచ్చేరా?" అని అడిగారు.

"ఆయ్..." అనబోయి సూర్యావతి ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చింది. కిటికీ పక్కన సంచి ఉంది, మనిషి లేదు.

"లేదండీ. రామలక్ష్మి నీళ్ళు తేడానికి వెళ్ళిందండి. చేతులు దించండర్రా."

చేతులు దిగాయి. అందరూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి రామలక్ష్మి నీళ్ళబిందెతో వచ్చి, గుమ్మంలోనే బిత్తరపోయి నిలబడింది.

"నేనేం చేసేను? అందరూ నన్నే చూస్తున్నారేంటి?"

"ఏం చెయ్యలేదు. నీ కోసమే ఆగేం." సూర్యావతి వెళ్ళి బిందెకి ఒక చెయ్యి వేసింది. "రూలు మారుస్తున్నాం, విను."

"నాకు నచ్చకపోతేనో?"

"అదీ చెప్పు. రాయకముందే చెప్పు," అంది సూర్యావతి.