కంట్లో నీలం చుక్క

"ఈ కోళ్లకి టీకా వేసింది ఎవరు?"

లాబొరేటరీ నుంచి వచ్చిన డాక్టరమ్మ మొదటి మాటే అది. పలకరింపూ లేదు, పాడూ లేదు. మా కోళ్ల గుడ్లు ముడతలు పడి ఎందుకు వస్తున్నాయో తేల్చడానికి గ్వాదలహారా నగరం నుంచి మా ఊరు తెపా దాకా వచ్చింది. పేరు హిమేనా.

"నేనే. ఫెర్మీన్," అన్నాను ఛాతీ విరుచుకుని.

"సగం కోళ్లకి వేసి, మిగతా సగానికి వేసినట్టు రాసేశారా?"

నాకు ఒళ్లు మండింది. "నాలుగు వేల కోళ్లండీ! ఒక్కోదాని కంట్లో టీకా మందు నీలం చుక్క వేసి, అది రెప్ప కొట్టేదాకా చేతిలోంచి వదల్లేదు. నమ్మకపోతే వాటినే అడగండి!"

"కోళ్లు చెప్పవు. వైరస్ చెబుతుంది," అంటూ ఓ కోడి గొంతులో దూదిపుల్ల తిప్పింది.

కోపంలో కూడా ఏం కళ్లవి! తిట్లు తింటూనే సిగ్గులేకుండా చూస్తూ నిలబడ్డాను.

ఈ కోళ్ల ఫారం మా ఎదువీహెస్ అత్తది. ఆవిడ ఒక్కటే మాట అంది: "తప్పు టీకా వేసిన చేతిదని రిపోర్టు వచ్చిందా, ఇక్కడ అడుగు పెట్టకు. మేనల్లుడివైనా సరే."

పదేళ్లుగా ఆ కోళ్లే నా లోకం. తొమ్మిది రోజులు తిండి సయించలేదు.

పదో రోజు మధ్యాహ్నం, జోరువానలో, గేటు అవతల హారన్. గొడుగైనా లేకుండా హిమేనా దిగింది.

"ఫెర్మీన్! మీ తప్పు కాదు!" అని అక్కణ్నుంచే అరిచింది. "వైరస్ జన్యువులు చూశాం. ఇది కొత్త రకం. మీరు వేసింది పాత రకానికి టీకా. ఇంకో టీకా కూడా కలిపి వేస్తే అదుపులోకి వస్తుంది!"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "ఈ మాట ఫోన్లో చెప్పొచ్చుగా?"

"క్షమించమని ఫోన్లో అడగబుద్ధి కాలేదు."

"తడిసిపోతున్నారు, లోపలికి రండి!"

"రాకూడదు. పొద్దున్నే ఇంకో ఫారంలో జబ్బు కోళ్లని పట్టుకున్నా. మూడు రోజులు నేను మీ కోళ్ల దగ్గరికి రాకూడదు. నన్ను ముట్టుకున్నవాళ్లూ అంతే."

మధ్యలో ఇనప గేటు. ఇద్దరం చువ్వలు పట్టుకుని నిలబడ్డాం.

"రిపోర్టు మీ వైపే రావాలని రోజూ మొక్కుకున్నా," అంది తల దించుకుని. "సైంటిస్టు అలా మొక్కకూడదు తెలుసా?"

"మరెందుకు మొక్కారు?"

"తెలీనట్టు అడక్కు!"

తన నోట ఆ 'మీరు' ఎప్పుడు పోయిందో తనకే తెలీదు. గడియ మీద చెయ్యి వేశాను.

షెడ్డు గుమ్మంలోంచి అత్త కేక: "ఒరేయ్ ఫెర్మీన్! గేటు దాటి ఆ పిల్లని ముట్టుకున్నావో, మూడు రోజులు నా కోళ్ల దగ్గరికి రానివ్వను!"

దాటాను. హిమేనా తడి చేతులు రెండూ పట్టుకున్నాను. "నువ్వంటే నాకు ఇష్టం," అన్నాను, అత్తకి కూడా వినిపించేలా.

"అత్తా! మూడు రోజులు మేత నువ్వే వెయ్యి!"

"మూడు రోజులేం సరిపోతాయిరా వెధవా! వారం తీసుకుని, వాళ్ల అమ్మతో మాట్లాడి రా!"