మేకలు మేసిన కొమ్మ

ఉదయం ఏడున్నర. అక్రోట్ చెట్టు కింద శవం.

చనిపోయినవాడు ఫారెస్ట్ గార్డు తోక్తోర్. తల వెనక లోతైన దెబ్బ. పక్కనే విరిగిపడ్డ లావుపాటి కొమ్మ. దానికి ఒక్క ఆకు లేదు.

"కాయలు దులపడానికి ఎక్కాడు. కొమ్మ విరిగింది. పడ్డాడు," అన్నాడు రంపపు మిల్లు యజమాని జపార్. శవాన్ని మొదట చూసింది అతనే.

పోలీసు కెప్టెన్ అనార్‌కుల్‌కు ఒళ్లు మండిపోతోంది. ఊరంతా అడవిలో గుడారాలేసుకుని కాయలేరుతోంది. అడుగుజాడలన్నీ తొక్కేశారు. ఫోరెన్సిక్ వ్యాన్ కొండ మలుపులో బురదలో దిగబడింది. పైగా జిల్లా నుంచి కల్నల్ ఫోన్.

"యాక్సిడెంటే కదా. సాయంత్రానికి ఫైల్ మూసెయ్."

"సార్, ఒక్క రోజు..."

"ఏటా ఎవడో ఒకడు పడుతూనే ఉంటాడమ్మా!"

ఫోన్ కట్.

తోక్తోర్ భార్య బూసారా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆయనకి మోకాలు పోయి రెండేళ్లయింది అక్కా. గుర్రం ఎక్కాలన్నా నా భుజమే ఆసరా. చెట్టెక్కుతాడా? పొద్దుట్నుంచి మొత్తుకుంటున్నా, ఒక్కరూ వినరే!"

"నేను వింటున్నా చెల్లీ. కోర్టుకి మాట చాలదు."

అనార్‌కుల్ కొమ్మ వైపు తిరిగింది. "దీని ఆకులేవి?"

"తెల్లారేసరికి మేకలు మేసేశాయి," జపార్ నవ్వాడు. "మీ సాక్ష్యం వాటి కడుపులో ఉంది. అరెస్టు చేస్తారా?"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. అనార్‌కుల్ కోపంతో కొమ్మను ఒక్క తన్ను తన్నింది.

ఆగింది.

వంగి చూసింది. జీపెక్కి మిల్లుకు వెళ్లింది.

సాయంత్రం అందర్నీ మళ్లీ చెట్టు కింద నిలబెట్టింది.

"జపార్ అన్నా, ఆ అక్రోట్ మొక్క ఆకు నలిపి వాసన చూడండి."

"ఘాటుగా ఉంది. అయితే?"

"ఇక్కడ చుట్టూ అవే మొక్కలు. మేకలు ఒక్కటీ కొరకలేదు. ఈ కొమ్మను మాత్రం ఊడ్చేశాయి. ఎందుకు?"

జపార్ ఆ ఆకును కింద పారేశాడు.

"ఎందుకంటే ఇది అక్రోట్ కాదు. అక్రోట్ కొమ్మకు ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ఆకులున్న చోట ఈ మచ్చలు చూడండి. ఎదురెదురుగా, జంటలు జంటలుగా. ఇది యాష్ అనే వేరే చెట్టు కొమ్మ. లైలాక్, మల్లెల కుటుంబం."

కత్తితో ఓ రెమ్మ చీల్చింది.

"అక్రోట్ రెమ్మ లోపల నిచ్చెన మెట్లలా గదులుంటాయి. ఇది నిండుగా ఉంది. రెండిటి ఆకులూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి, ఎవరు చూస్తార్లే అని దీన్ని తెచ్చి ఇక్కడ పడేశారు. ఈ లోయలో యాష్ మీ మిల్లు వెనక ఒక్కటే ఉంది. విరిగిన చోట కొలిచి చూశాను. సరిగ్గా సరిపోయింది."

జపార్ మొహం పాలిపోయింది.

"రాత్రి దొంగకలప కోస్తుంటే పట్టుకున్నాడు," అన్నాడు చివరికి. "వదిలెయ్ తమ్ముడూ అన్నాను. వినలేదు. గొడ్డలి మడమతో ఒక్కటి... చస్తాడనుకోలేదు."

సంకెళ్లు పడ్డాయి. జనం తలలు దించుకుని గుడారాలకు వెళ్లిపోయారు. బూసారా కదల్లేదు.

"ఒకణ్ణి పట్టుకున్నారు అక్కా. రేపట్నుంచి అడవికి కాపలా ఎవరు?"

అనార్‌కుల్ సంకెళ్ల తాళంచెవి జేబులో వేసుకుంది. కొత్త గార్డుకు జీతం లేదని కల్నల్ అప్పుడే ఫోన్‌లో చెప్పాడు.

పై వాలులో ఎక్కడో ఇంకో రంపం మొదలైంది.

ఆమె టోపీ సర్దుకుని, ఆ చప్పుడు వైపు నడిచింది.