వేలిముద్ర పడేదాకా

ఏడోసారి కూడా మిషన్ మీద ఎర్ర లైటే వెలిగింది.

"ఇంకొక్కసారి అన్నా," అంది సృజన.

వెనక లైన్లోంచి ఎవరో అన్నారు. "మేడమ్, గా మిషన్ మీద ఏమన్న పగనా? లంచ్ టైం అయితాంది."

సృజన చర్రున తిరిగింది. గళ్ళ చొక్కా, భుజాన బ్యాగు, మొహం నిండా నవ్వు.

"గంత జల్దీ ఉంటే నా వేలు నువ్వే పెట్టు!"

"పెట్టనిస్తే పెడ్త."

లైనంతా నవ్వింది. సృజనకు ఒళ్ళు మండిపోయింది.

మీ-సేవ కౌంటర్లో కూర్చున్న కుమార్ మాత్రం నవ్వలేదు. ఆమె బొటనవేలిని లైటు కింద పెట్టి చూశాడు. "గీతలు అరిగిపోయినయమ్మా. ఏం పని జేస్తవ్?"

"చింతపండు గింజలు తీస్త."

"నాలుగు రోజులు బంద్ జేసి నూనె రాసుకో. శనివారం రా. గదే లాస్ట్ డేట్."

దుండిగల్ వైపు సృజన చదివిన కాలేజీలో బ్రాంచి ఎత్తేస్తే, రెండో ఏడాదికి మేడ్చల్ కాలేజీకి మారింది. స్కాలర్‌షిప్ మాత్రం పాత కాలేజీ పేరు మీదే ఉండిపోయింది. దాన్ని కొత్త కాలేజీకి మార్పించడానికి మూడు వారాలు షేర్ ఆటోల్లో తిరిగింది. ఇప్పుడు మిగిలింది ఒక్క వేలిముద్ర. అది పడకపోతే ఫీజు కట్టే దారి లేదు, చదువు ఆగిపోతుంది.

కానీ పని ఆపడం ఎలా? శుక్రవారానికల్లా మూడు బస్తాలు షావుకారికి అప్పజెప్పాలి. అమ్మ ఫ్యాక్టరీకి పోతే ఇంట్లో చేసేది తనూ, అవ్వా.

మెట్ల దగ్గర గళ్ళ చొక్కా మళ్ళీ ఎదురొచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"సారీ. నాకు తెల్వక అన్న. నా పేరు అన్వేష్. నీ క్లాసే, లాస్ట్ బెంచ్."

"నేనెప్పుడు సూడలే."

"నువ్వు బోర్డు తప్ప ఏం జూస్తవ్ గనక!"

మర్నాడు సాయంత్రం సృజన గుండ్లపోచంపల్లిలోని ఇంటికి చేరేసరికి, అవ్వ బాలమణి పక్కన అన్వేష్ బాసింపట్టు వేసుకుని చింతపండు కొడుతున్నాడు.

"ఇల్లెట్ల దొరికింది నీకు?"

"నువ్వు ఏ ఊరి ఆటో ఎక్కుతవో రోజూ సూస్త గద, ఈడికొచ్చి అడిగిన," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"నాలుగు రోజులు నీ పని తను జేస్తడంట. నువ్వు పోయి నూనె రాసుకో," అంది అవ్వ. అంతలోనే అతని వైపు తిరిగి, "పిల్లగా, కొట్టాల్సింది గింజను, నీ వేలును కాదు!"

సృజన గడపలో కూర్చుని నోట్సు తెరిచింది. గంటసేపట్లో ఒక్క పేజీ కూడా తిరగలేదు.

గురువారం చినుకులు మొదలయ్యాయి. ఆరబోసిన చాపలు లోపలికి లాగుతుంటే జారిన చింతపండును ఏరబోయింది సృజన. అన్వేష్ గభాలున ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. వానకు ఇద్దరూ తడుస్తున్నారు, ఇద్దరికీ పట్టలేదు.

"జాలితోని వస్తున్నవా?" అడిగింది మెల్లగా.

"జాలైతే ఒక్కపూట చేసి పోతుంటి. నడుం పట్టుకుపోతున్నా రోజూ వస్తనా?"

ఆ రాత్రి సృజనకు చాలాసేపు నిద్రపట్టలేదు.

శుక్రవారం బస్తాలు వెళ్ళిపోయాయి. శనివారం మీ-సేవలో, అన్వేష్ పక్కనుండగా, మొదటిసారి ఎరుపు. రెండోసారీ ఎరుపే. మూడోసారి సృజన కళ్ళు మూసుకుని వేలు పెట్టింది.

"పడ్డదమ్మా!" అన్నాడు కుమార్.

కళ్ళు తెరిస్తే పచ్చ లైటు. సృజన అక్కడే ఏడ్చేసింది.

బయటికొచ్చాక కళ్ళు తుడుచుకుని అంది. "ఇగ రేపటి సంది పనికి రాకు."

అన్వేష్ మొహం వాడిపోయింది. "సరే."

"పనికి రావద్దన్న. నా కోసమైతే రా. నువ్వంటే నాకు మస్తు ఇష్టం."

అతని మొహం మళ్ళీ వెలిగింది. "మరి... అవ్వకేం జెప్పాలె?"

"ఏం జెప్పొద్దు. గా పిల్లగాడు చింతపండు కోసం వస్తలేడే పిచ్చిదానా అని, మొదటిరోజే నాకు జెప్పింది."

శామీర్‌పేటలోని తన ఇంటికి పోవాల్సిన అన్వేష్, ఆమెతో పాటు గుండ్లపోచంపల్లి ఆటో ఎక్కాడు.