అరవై ఒకటో శాతం

కేబుల్ మార్చినా, డ్రైవ్ మార్చినా, చివరికి బాగుచేసే మనిషిని మార్చినా, నాలుగు రోజులు వరుసగా ఒక బ్యాకప్ సరిగ్గా అరవై ఒకటో శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

ఈ ప్రశ్నను టీచరమ్మ బ్రీఫింగ్ గదిలో మూడుసార్లు వేసింది. మూడుసార్లూ చీఫ్ గోడ మీది మ్యాపును చూశాడు. టెక్నికల్ ఇన్‌చార్జి తన పెన్ను మూతను చూశాడు. జవాబు రెండు చోట్లా లేదు.

రహస్య విభాగంలో ఆమెది ఇరవై ఆరేళ్ల సర్వీసు. తోటి ఏజెంట్ల రిపోర్టులను ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపే అలవాటు వల్ల టీచరమ్మ అన్న పేరు స్థిరపడింది. అసలు పేరు ఒక బీరువాలో భద్రంగా ఉంది. ఆ బీరువా తాళంచెవి కోసం మూడేళ్లుగా వెతుకుతున్నారు.

"అది వాళ్ల సమస్యండీ. మన సమస్య వేరే," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా. పైకి వాణిజ్య కార్యాలయం. దౌత్య రక్షణ ఉంది కాబట్టి తలుపు తోసుకుని వెళ్లలేం. వాళ్ల డైరెక్టరు కంప్యూటర్‌లో ఒక జాబితా ఉంది. మనకు రహస్యాలు అందించే పదకొండు మంది పేర్లు, చిరునామాలు."

"ఎవరా పదకొండు మంది?"

"తెలీదు. మనకున్నది నూట నలభై మంది. అందర్నీ ఒకేసారి దాచేస్తే నెట్‌వర్క్ మొత్తం మూతపడుతుంది. ఇవాళ పన్నెండింటికి వాళ్లు ఆఫీసు ఖాళీ చేస్తున్నారు. కంప్యూటర్‌ను ముక్కలు చేసి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒక్కటే పట్టుకుపోతారు. ఇంటర్నెట్‌లో ఏదీ పంపరు, అది వాళ్ల నియమం. ఆ డ్రైవ్ సరిహద్దు దాటితే వారంలో పదకొండు శవాలు."

"అందుకని?"

"సర్వీస్ కంపెనీకి వాళ్లు చేసిన ఫోన్ మన చెవిన పడింది. మీరు టెక్నీషియన్‌గా వెళ్తారు. మధ్యలో దీన్ని తగిలిస్తారు."

అగ్గిపెట్టె అంత నల్లని హబ్. కంప్యూటర్‌కూ డ్రైవ్‌కూ మధ్య కూర్చుని, తన గుండా పోయే ప్రతి ఫైలునూ కాపీ చేసుకుంటుంది.

"ఒక్క చిన్న విషయం మేడమ్," అన్నాడు ఇన్‌చార్జి. "బ్యాకప్ నూరు శాతం పూర్తయితేనే ఇది సేవ్ చేస్తుంది. మధ్యలో ఆగితే ఇందులో ఏమీ మిగలదు."

"ఎందుకలా తయారుచేశారు?"

"స్పెసిఫికేషన్‌లో అలాగే ఉందండీ."

"అంటే శత్రువు కంప్యూటర్ బాగుచేస్తే తప్ప మనం దొంగతనం చేయలేం."

"అలా అనుకుంటే... అంతే."

టీచరమ్మ హబ్ అందుకుంది. దానికోసం నాలుగు ఫారాల మీద సంతకం పెట్టింది. ఆ నూట నలభై మందిలో ఆమె తమ్ముడు ఒకడు. ఓడరేవులో గుమాస్తా. పదేళ్ల కిందట, "అక్క చెప్పింది కదా" అన్న ఒక్క మాట మీద ఈ పనిలోకి దిగాడు. అతనికి ఇద్దరు పిల్లలు. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

"లోపల నెమలి అని ఒకామె ఉంటుంది," అన్నాడు చీఫ్ చివరగా. "ఆఫీసు మేనేజరు. ఆవిడ జోలికి మాత్రం పోకండి. ఆ నవ్వుకు నోరు జారినవాళ్లు ఇద్దరు జైల్లో ఉన్నారు."

మారువేషానికి ల్యాబు విగ్గు ఇస్తానంది. ఆమె వద్దంది. బూడిదరంగు యూనిఫాం, చేతిలో పనిముట్ల సంచీ, యాభై దాటిన ఆడమనిషి. అలాంటి మనిషి ముఖం ఎవరూ రెండోసారి చూడరు. అంతకు మించిన మారువేషాన్ని ఏ ల్యాబూ ఇంతవరకు కనిపెట్టలేదు.

తొమ్మిదీ నలభైకి ఆ కార్యాలయం గుమ్మంలో కాపలాదారు ఆమె ఫోన్ తీసుకుని సొరుగులో పడేశాడు. లోపల అట్టపెట్టెలు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. కాగితాలు నమిలే మిషన్ ఆగకుండా రొద పెడుతోంది. ముందుగదిలో, ఖాళీ అయిన బీరువాల నడుమ, నెమలిరంగు దుస్తుల్లో ఒక ముప్పైయేళ్ల స్త్రీ గోళ్లకు రంగు వేసుకుంటూ కనిపించింది. కోటలో రాణిలా కూర్చుంది; ఎదుట ఉన్నది మాత్రం పాత కంప్యూటర్.

"ఐదో మనిషా?" అంది టీచరమ్మను చూసి. "పాపం."

లోపలి గదిలో డైరెక్టరు నిలబడే ఉన్నాడు. నాలుగు రోజులుగా కూర్చోలేదేమో అనిపించే మనిషి.

"మొదటివాడు కేబుల్ మార్చాడు. రెండోవాడు డ్రైవ్ మార్చాడు. మూడోవాడు ఆపి ఆన్ చేయమన్నాడు. నాలుగోవాడూ అదే అన్నాడు, కాకపోతే డబ్బు ఎక్కువ తీసుకున్నాడు. నువ్వేం అంటావమ్మా?"

"చూశాక అంటాను సార్."

ఆమె హబ్ తగిలించింది. "ఇదేంటి?" అన్నాడతను. "కరెంటు సరిపోక డ్రైవ్‌లు ఆగుతుంటాయి సార్, ఇది అదనంగా ఇస్తుంది," అంది. అబద్ధమే అయినా, ఆ గదిలో నాలుగు రోజుల్లో వినిపించిన మొదటి తెలివైన కారణం అది.

బ్యాకప్ మొదలైంది. పది. ముప్పై. యాభై ఐదు. డైరెక్టరు ఊపిరి ఆమె మెడ మీద వెచ్చగా తగులుతోంది. అరవై. అరవై ఒకటి.

"గుర్తించలేని లోపం. మళ్లీ ప్రయత్నించండి."

టీచరమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. దాన్ని రాసినవాడు ఎదురుగా ఉంటే ఎర్ర సిరా చాలేది కాదు. లోపం ఏమిటో యంత్రానికి తెలుసు, తెలిసే ఆగింది. చెప్పమంటే మాత్రం, తరగతి గదిలో గాజు పగలగొట్టిన పిల్లవాడిలా నేల చూస్తుంది.

పోర్ట్ మార్చింది. అరవై ఒకటి. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చింది. అరవై ఒకటి. డ్రైవ్‌ను తుడిచి కొత్తగా ఫార్మాట్ చేసింది. యాంటీవైరస్ ఆపింది. ఒక్కో ప్రయత్నానికి తొమ్మిది నిమిషాలు. ప్రతిసారీ ఆకుపచ్చ గీత హాయిగా నడుచుకుంటూ వచ్చి, అదే చోట, ఎవరో చేయి అడ్డంపెట్టినట్టు నిలిచిపోయేది.

"నా దేశంలో అయితే..." అని మొదలుపెట్టాడు డైరెక్టరు.

"మీ దేశంలో కూడా ఇదే సాఫ్ట్‌వేర్ సార్," అంది టీచరమ్మ తల తిప్పకుండా.

అతను గోడ గడియారం వైపు వేలు చూపించాడు. పదకొండు. "ఇవాళ కూడా ఆగిందంటే, ఆగింది యంత్రం వల్ల కాదనుకుంటాను. మనిషి వల్ల అనుకుంటాను. ఈ ఆఫీసులో మనుషులు ఎక్కువమంది లేరు."

అతను పెట్టెలు దింపించడానికి బయటికి వెళ్లగానే, నలుగురు టెక్నీషియన్లలో ఒక్కడూ చేయని పని ఆమె చేసింది. బ్యాకప్ తన పనిని వరుసగా నమోదు చేసుకునే లాగ్ ఫైలు తెరిచి, మొదటి పంక్తి నుంచి చదివింది. చదవడం ఈ కాలంలో ఎవరికీ రాని విద్య కాదు. ఎవరికీ ఓపిక లేని విద్య. నాలుగు వేల పైచిలుకు పంక్తుల తర్వాత అక్కడ ఉంది:

"ఫైలు వాడకంలో ఉంది. కాపీ సాధ్యం కాదు. తెరిచిన కంప్యూటర్: ముందుగది."

ఫైలు పేరు: జాబితా.

బ్యాకప్ మొదలయ్యే ప్రతిసారీ, ముందుగదిలో కూర్చున్న మనిషి ఆ ఒక్క ఫైలును తెరిచి పట్టుకుంటోంది. తెరిచిన ఫైలును ఈ ముసలి సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేక, కారణం చెప్పుకోలేక కూలబడుతోంది. కేబుల్‌దీ తప్పు కాదు, డ్రైవ్‌దీ కాదు.

"ఏమైనా దొరికిందా?" డైరెక్టరు గుమ్మంలో ఉన్నాడు.

నిజం చెబితే ఆ ముందుగది మనిషి ఈ గది దాటదు. జాబితా బయటికి పోకూడదని నాలుగు రోజులుగా ప్రాణాలు పణంపెడుతున్న మనిషి, జైలు కథల చీఫ్ ఏమన్నా సరే, శత్రువు ఎలా అవుతుంది? టీచరమ్మ లాగ్ మూసేసింది.

"కరెంటు ప్లగ్గు వదులుగా ఉంది సార్. ముందుగదిలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకుంటాను."

కాగితాల మిషన్ రొద మధ్య ఆమె నెమలి బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ప్లగ్గు వెతుకుతున్నట్టు నటించింది.

"వర్షం వచ్చేలా ఉంది కదండీ," అంది. "గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది" అని జవాబు రావాలి.

నెమలి కిటికీ వైపు చూసింది. బయట ఎండ మండిపోతోంది. "మీ వాచీ ఐదు నిమిషాలు ముందుందేమో చూసుకోండి," అంది, ఒక్కో మాటా వత్తి పలుకుతూ.

అదీ రహస్య సంకేతమే. దాని జవాబు టీచరమ్మకు ఎవరూ నేర్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు, పరీక్షలో వేరే పేపరు అందుకున్న విద్యార్థుల్లా చూసుకున్నారు.

"మన విభాగంలో ఏ అంతస్తు?" అంది టీచరమ్మ హఠాత్తుగా.

గోళ్లరంగు కుంచె గాల్లో నిలిచిపోయింది. "ఐదు. మీరు?"

"మూడు."

"అయ్యో రాత! మూడో అంతస్తువాళ్లు నన్ను శత్రువనుకుంటున్నారని విన్నాను."

"అనుకుంటున్నారు. ఫైలు కూడా ఉంది. ఫోటో బాగుంది."

"ఎందుకొచ్చారక్కా? దీన్ని ఆపలేక ఆపుతున్నాను. మీరు బాగుచేస్తే పదకొండు మంది పోతారు!"

"బాగుచేయకపోతే ఆ పదకొండు మంది ఎవరో మాకు తెలీదు."

"తెలీకపోవడమేంటి?" నెమలి గొంతు చీలింది. "మొదటిరోజే చదివి, పేర్లన్నీ ఐదో అంతస్తుకి చేర్చాను కదా! అక్కణ్నుంచి మీకు రెండు మెట్లవరసలు దిగడమే!"

టీచరమ్మకు కోపం వచ్చినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఓడరేవు గుమాస్తా ఉన్నాడా అందులో?"

"ఏడో పేరు. ఎడమచేతివాటం అని కూడా రాశారు."

తమ్ముడికి అన్నం ముద్ద కుడిచేత్తో తినడం నేర్పడానికి అమ్మ పడిన పాట్లు ఆమెకు ఒక్క క్షణం కళ్లముందు కదిలాయి. తర్వాత బుద్ధి ముందుకొచ్చింది. పేర్లు ఇక దొంగిలించక్కర్లేదు, ఎక్కడున్నాయో తెలిసింది. ఇప్పుడు కావలసింది ఆ జాబితా ఈ గది దాటకపోవడం.

"ఆ జాబితాకి ఇంకెక్కడైనా కాపీ ఉందా? డైరెక్టరు చదివాడా?"

"ఇదొక్కటే. చదవడం నా పని కాదు, చేర్చడం నా పని అంటాడు."

"అయితే ఫైలు తెరిచే ఉంచు. పన్నెండు దాకా మూయకు."

"మళ్లీ ఆగిపోతుంది! ఈసారి నన్ను చంపేస్తాడు!"

"ఆగదు," అంది టీచరమ్మ, బోర్డు తీసుకుని లేస్తూ.

సెట్టింగ్‌ల అడుగున, ఎవరూ దిగని నాలుగో మెనూలో, ఒక చిన్న గడి ఉంది: "వాడకంలో ఉన్న ఫైళ్లను వదిలేసి ముందుకు సాగు." ఆమె దానిలో టిక్కు పెట్టింది. పదకొండూ ముప్పై ఎనిమిదికి బ్యాకప్ మొదలైంది. అరవై. అరవై ఒకటి. డైరెక్టరు కళ్లు మూసుకున్నాడు. అరవై రెండు.

"అరే!" అన్నాడతను, చిన్నపిల్లాడిలా.

పదకొండూ యాభై రెండుకు నూరు శాతం. తెర మీద అరచేయంత పచ్చ గుర్తు. డైరెక్టరు డ్రైవ్ అందుకోబోయి ఆగాడు. అతని ముఖంలోకి ఏదో పాత జాగ్రత్త తిరిగొచ్చింది.

"జాబితా అని ఒక ఫైలుంటుంది. తెరిచి చూపించు."

గుమ్మం దగ్గర నెమలి నవ్వు గడ్డకట్టింది. టీచరమ్మ మాత్రం సంచీలో చేయి పెట్టి, నిబ్బరంగా, ఒక ఫారం పుస్తకం తీసింది.

"తప్పకుండా సార్. కస్టమర్ ఫైలు నా ఎదుట తెరిచినట్టు ఇక్కడ సంతకం. ఫైలు పేరు ఇక్కడ. అందులో ఏముందో క్లుప్తంగా ఇక్కడ. నాలుగు కాపీలు సార్. ఒకటి మా హెడ్డాఫీసుకి, ఒకటి..."

"ఏముందో కూడా రాయాలా?"

"ఖాళీ వదిలితే తిప్పి పంపుతారు సార్."

డైరెక్టరు ఫారం వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. తెర వైపు చూశాడు.

"అక్కర్లేదు. పచ్చ గుర్తు వచ్చింది కదా."

డ్రైవ్‌ను జేబులో వేసుకున్నాడు. కంప్యూటర్ తీగలు పీకేసి, దాని లోపలి డిస్క్‌ను బల్ల మీద పెట్టి, డ్రిల్లింగ్ మిషన్‌తో స్వయంగా ఆరు బెజ్జాలు వేశాడు. ముఠా దగ్గర ఆ జాబితా ఉన్న ఏకైక చోటు పన్నెండుకు ఒక్క నిమిషం ముందు, దాన్ని కాపాడడానికి నాలుగు రోజులు నిలబడ్డ మనిషి చేతుల్లోనే, పొట్టుగా రాలిపోయింది. టీచరమ్మ హబ్ విప్పుకుని సంచీలో వేసుకుంది. అందులో జాబితా తప్ప ముఠా ఉత్తరాలు, కోడ్‌లు, చిరునామాలు అన్నీ ఉన్నాయి.

వీధి మలుపులో ఆమె మొదట చేసిన ఫోన్ చీఫ్‌కు కాదు.

"అక్కా? పనివేళలో చేశావేంటి? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నీ గొంతు విందామని."

"నువ్వా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు తమ్ముడు, నిజంగా భయపడిపోయి.

మధ్యాహ్నం మూడింటికి ఐదో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు ఒక కవరు దిగింది. పైన "అతి అత్యవసరం" అన్న ముద్ర. లోపల పదకొండు పేర్లు. నాలుగు రోజుల ఆలస్యానికి కారణం కింద రాసి ఉంది: "ఇతర విభాగాలతో పంచుకొనుటకు అనుమతి కోరడమైనది." టీచరమ్మ ఎర్ర సిరా తీసి, ఆ వాక్యం పక్కన సున్నా చుట్టింది. నెమలి ఫైలు మీద "శత్రువు" అన్న మాట కొట్టేయడానికి మాత్రం ఇంకో ఫారం కావాలన్నారు.

మూడో రోజున, సరిహద్దు అవతల, ముఠా పెద్దలు ఆ డ్రైవ్ తెరిచారు. వాళ్ల తిట్లు మనవాళ్లు విన్నారు. అన్నీ ఉన్నాయి, కావలసింది తప్ప. డైరెక్టరు తన సంజాయిషీలో ఒకే మాట పదే పదే చెప్పాడట: పచ్చ గుర్తు వచ్చింది, పచ్చ గుర్తు వచ్చింది.

మీ బ్యాకప్‌కూ ఆ పచ్చ గుర్తు వచ్చే ఉంటుంది. దాన్ని నమ్మకండి. లేచి, మీ డ్రైవ్ తగిలించి, పోతే ఏడుస్తామనుకునే ఆ ఒక్క ఫైలును మీ చేత్తో తెరిచి చూడండి. రేపు కాదు, ఇప్పుడే.