గాలిలో అన్న పేరు

టవరును ముక్కలు చేసి లారీలో పట్టుకుపోయిన రోజున అలైడా మామూలుగానే పాల సంఘం ఆఫీసుకు వెళ్లింది. వెళ్తూ దారిలో తండ్రిని చూసింది. బెరెండ్ పైన్ చెట్ల అంచున, శవయాత్రకు నిలబడ్డవాడిలా, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ముప్పై ఏడేళ్లుగా ఆదివారం పొద్దున ఎత్తి, సాయంత్రం పడుకోబెట్టిన టవరు అది. లైసెన్సు లేని రేడియో స్టేషను. ఆ ట్వెంటె ప్రాంతంలో ఒకప్పుడు ఊరికొకటి ఉండేది. జనం పాలు పితుకుతూ పాటలు వినేవారు, పుట్టినరోజులకు తమ పేర్లు చదివించుకునేవారు. టవరు ఎక్కడుందో చెప్పకపోవడం ఆ స్టేషన్లవాళ్ల మొదటి నీతి. ఈ టవరు చోటు తెలిసినవాళ్లు ముగ్గురే: బెరెండ్, అతనితో కలిసి దాన్ని నిలబెట్టిన స్నేహితుడు వోల్టర్, అలైడా.

పెద్ద స్టేషన్లు డిజిటల్‌కు వెళ్లిపోయి పాత తరంగాలను ఖాళీ చేశాక, చిన్న స్టేషన్లవాళ్లు వాటిని చట్టబద్ధంగా తీసుకోవచ్చని ప్రభుత్వం అంది. తండ్రిని ఒప్పించింది అలైడాయే. దరఖాస్తు నింపింది కూడా ఆమే. ‘యాంటెనా చోటు’ అన్న గడిలో, కొత్తది పెట్టబోయే తమ పెరడు రాయాలి. ఆఫీసు అలవాటు కొద్దీ ఉన్నది ఉన్నట్టు రాసింది. పైన్ చెట్ల మధ్య, వాగు పక్కన, అని. ఆరు వారాలకు తనిఖీవాళ్లు నేరుగా అక్కడికే వచ్చారు.

ఆ వారంలోనే బెరెండ్ అటక మీది పాత ప్రసార యంత్రానికి తీగ కట్టి గాలిలో పది నిమిషాలు మాట్లాడాడు. “నన్ను పట్టిచ్చింది వోల్టరే” అని పేరు పెట్టి మరీ అన్నాడు. వంటింట్లో రేడియో ముందు నిలబడిన అలైడా, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

ఇరవై రోజుల తర్వాత, ఉదయం కాఫీ వేళకు లైసెన్సు ఉత్తరం వచ్చింది.

“ఇక మా ఆయన దొర!” అంది తల్లి ఫెన్నా. “దొంగగా ఉన్నప్పుడు పాటలు బాగుండేవి. ఇప్పుడు కీర్తనలు వేస్తాడో ఏమో.”

బెరెండ్ నవ్వాడు. “ఒకటో తారీఖు నుంచి. ఈలోగా ఒక్కసారి గాలిలోకెక్కినా రద్దట.”

“వోల్టర్‌కి చెప్పవా?” అంది ఫెన్నా.

“వాడి పేరు ఈ బల్ల దగ్గర ఎత్తకు.”

“అతను పేకాటకొస్తే మిగతావాళ్లు లేచిపోతున్నారట. వాళ్లావిడ సంతలో నా ముఖం చూడకుండా వెళ్లిపోయింది.”

“కూర్చున్న కొమ్మ నరుక్కున్నాడు. పడనీ.”

“నరికింది నేను, నాన్నా,” అంది అలైడా.

సొరుగులోంచి దరఖాస్తు నకలు తీసి అతని ముందు పెట్టింది. బెరెండ్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

“ఇది నీ రాతే.”

“నాదే.”

“నీకెప్పుడు తెలిసింది?”

“లారీ వచ్చిన రోజే.”

“అంటే నేను మైకులో వాడి పేరు చెప్తున్నప్పుడు...”

“వంటింట్లో వింటున్నాను.”

“ఇరవై రోజులా!” ఫెన్నా కాఫీ కూజా దించేసింది. “నోట్లో నాలుక లేదటే నీకు? ఆ మనిషి నిన్ను ఎత్తుకుని తిప్పాడే!”

అలైడాకు ఏడుపు వచ్చింది. తండ్రి అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది. అతను మాత్రం కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు.

“నీది చేతి పొరపాటమ్మా. నలభై ఏళ్ల స్నేహితుణ్ణి నేను ఒక్క మాట అడిగానా? అడిగుంటే లేదనేవాడు. నమ్మాల్సి వస్తుందని అడగలేదు.” ఆమె తల మీద చెయ్యి వేశాడు. “చెప్పకపోవడం నీ తప్పు. అడగకపోవడం నాది. పద, వెళ్దాం.”

ఇద్దరూ సైకిళ్ల మీద వెళ్లారు. వోల్టర్ చెక్కబూట్లతో గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మాటలూ చివరిదాకా విన్నాడు.

“అమ్మాయిదేముంది, ఒక గడి తప్పింది. లోపలికి రా తల్లీ, కాఫీ చల్లారిపోతుంది,” అన్నాడు. తర్వాత బెరెండ్ వైపు తిరిగాడు. “నువ్వు రెండు జిల్లాలు వినేట్టు అన్నావు. నా ఒక్కడి చెవిలో వెనక్కి తీసుకుంటే సరిపోతుందా?”

“ఈ సాయంత్రమే తీగ కట్టి చెప్తాను. లైసెన్సు పోతే పోనీ.”

“పోతే దానికోసం ఈ పిల్ల పడ్డ పాటంతా దండగ. మన పద్ధతి నీకు తెలుసు. గాలిలో అన్నది గాలిలోనే తీసుకోవాలి. ఒకటో తారీఖున చెప్పు.”

“అప్పటిదాకా?”

“అప్పటిదాకా పేకాటకు వెళ్లను. అలవాటైపోయింది లే.”

“ఆ రోజు మైకులో ముందు నేను మాట్లాడతాను, వోల్టర్ మామయ్యా,” అంది అలైడా. “గడి నింపింది నేనని చెప్తాను.”

వోల్టర్ ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లాడు. మూడో కుర్చీ లాగి, పాత స్నేహితుడికి కూడా కాఫీ పోశాడు.

ఒకటో తారీఖుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఊళ్లో వాళ్లకు మాత్రం వోల్టర్ ఇంకా ద్రోహే. ఆ మాట ఎవరూ ఇంకా వెనక్కి తీసుకోలేదు.